కిష్టమ్మ నేర్పిన ఒంటి మాటలు

నాకు డేనిష్ భాషలో నలభై మాటలదాకా వచ్చు. కన్ను, ముక్కు, భుజం, మోకాలు, కాలి బొటనవేలు. అన్నీ ఒంట్లో ఉండేవే. ఆ భాషలో అన్నం పెట్టమని అడగలేను, దారి అడగలేను. కానీ ఎక్కడ నొప్పిగా ఉందో తల నుంచి కాలి దాకా వరసగా చెప్పగలను. పెద్దముడియం వైపు ఒక పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంటి కోడలికి ఈ చదువు ఎలా అబ్బిందని అందరూ అడుగుతారు.

మొన్న వేముల నుంచి ఒకాయన వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. ఆయన భార్యకు నాకొచ్చిన జబ్బే వచ్చిందట, కాళ్లూ చేతులూ పడిపోయాయట. "నువ్వు నడుస్తాండావని చెప్పినారమ్మా. ఒక్కతూరి చూసి పోదామని వచ్చినా" అన్నాడు. నేను వాకిట్లో అటూ ఇటూ నడిచి చూపించాను. నిండు బిందె నడుముకెత్తుకుని చూపించాను. ఆయన కళ్లు తుడుచుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. అందరి ఇళ్లకూ పోయి నడిచి చూపించలేను గదా, రాస్తే మేలనిపించింది. ఎనిమిది దాకా చదివాను, ఊళ్లో అంగన్‌వాడీ పిల్లలకు అక్షరాలు దిద్దించే పని చేస్తాను. ఆ చదువుతోనే రాస్తున్నాను.

పీర్ల పండుగ అయిన వారానికి

పంచాయతీ ఎన్నికలు జరిగిన ఏడాది అది. మా ఊళ్లో రెండు పార్టీలు. పార్టీలంటే జెండాలు తర్వాత, ముందు ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ల రెండు జీపులు. బజారుకు ఇటు పక్క ఇళ్లన్నీ ఒక జీపుకు, అటు పక్క ఇళ్లన్నీ ఇంకో జీపుకు. మగవాళ్లు ఒంటరిగా ఊరు దాటేవాళ్లు కాదు. నా భర్త మల్లయ్యకు గొర్రెలంటేనే ప్రాణం. కానీ వాళ్లన్న సుంకన్న బావ మా పార్టీ పెద్దకు కుడిభుజం. తమ్ముణ్ణి కూడా లాక్కుపోయి జీపు ఎక్కించాడు. జీపు చప్పుడు వినపడేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

అటు పక్క దస్తగిరి అనే దర్జీ ఉండేవాడు. గొడవలు ముదరకముందు ఊళ్లో ఆడవాళ్ల రవికలన్నీ ఆయనే కుట్టేవాడు. ఆ ఎన్నికల్లో ఆయన అవతలి పార్టీకి ఏజెంటుగా కూర్చున్నాడు. పోలింగు రోజు బడి దగ్గర బాంబులు పేలితే జనం పరుగెత్తారు. ఆ తొక్కిసలాటలో ఆయన భార్య ఖాసింబీ అరుగు మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. పీర్ల పండుగకు దస్తగిరి భార్య కాలు బాగుపడాలని మొక్కుకుని, ఏ పక్కవాళ్లని చూడకుండా అందరికీ షర్బత్ పోశాడు. నేనూ ఒక గ్లాసు తాగాను. చల్లగా, తియ్యగా, బాగుంది.

వారం తర్వాత ఒక పొద్దున గొర్రెల దొడ్డి ఊడ్చి ఇంటికి వస్తున్నాను. మా అత్త గడపలో నిలబడి, "మే ఓబులమ్మా, ఒక కాలి చెప్పు ఏమాయె?" అంది. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడో జారిపోయింది, నాకు తెలియనే లేదు. వేళ్లు గిల్లి చూసుకున్నాను. ఎవరి కాలినో గిల్లినట్టు ఉంది.

మర్నాటికి మోకాళ్లలో బలం లేదు. ఆ మర్నాటికి సంగటి ముద్ద నోటికి ఎత్తుకోలేకపోయాను. నా భర్త నన్ను గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని జమ్మలమడుగు ఆసుపత్రికి తెచ్చాడు. వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. మా ముందు ముప్పై మంది ఉన్నారు. ఎవరో ముసలాయన, పేరు కూడా తెలియదు, తన వంతు మాకిచ్చి వెనక్కిపోయి కూర్చున్నాడు. ఆయనకు నేను ఎప్పుడూ చెప్పుకోలేకపోయిన కృతజ్ఞత ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మొదటి పది రోజులు

డాక్టరు గుంటూరు వైపు మనిషి. మెత్తగా మాట్లాడేవాడు. నరాలకు వాపు వచ్చిందనీ, ఒక్కోసారి చిన్న జ్వరం తర్వాత ఇలా అవుతుందనీ, ఎవరూ చేసింది కాదనీ చెప్పాడు. "ఇంకొన్నాళ్లు పైకి పాకుతుందమ్మా. తర్వాత ఆగుతుంది. ఆగాక మెల్లగా వెనక్కి పోతుంది. ఓపిక పట్టాలి" అన్నాడు.

పాకింది. కాళ్ల నుంచి నడుముకు, నడుము నుంచి చేతులకు, చివరికి మొహానికి. పెదాలు కలవవు. నీళ్లు పోస్తే మూతి పక్కనుంచి కారిపోయేవి. రెప్ప పూర్తిగా మూతపడేది కాదు. నవ్వూ లేదు, ఏడుపూ లేదు.

రోజూ పొద్దున డాక్టరు వచ్చి, "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో లెక్కపెట్టు" అనేవాడు. నాలుక మొద్దుగానే ఉన్నా ముక్కుతూ మూలుగుతూ లెక్కపెట్టేదాన్ని. మొదటి రోజు పద్దెనిమిది. తర్వాత పదిహేను. తర్వాత పదమూడు. పది కంటే తగ్గితే మద్రాసు తీసుకుపోవాలని నర్సుతో చెప్పడం విన్నాను. మద్రాసుకు పోయిన మా ఊరివాళ్లు తిరిగొచ్చింది నేను చూడలేదు. పదకొండు దగ్గర మూడు రోజులు నిలబడిపోయాను. ఆ మూడు పొద్దుల్లో నేను మొక్కని దేవుడు లేడు. నాలుగో రోజు పన్నెండు అన్నాను. డాక్టరు నా తల మీద చెయ్యి పెట్టి, "ఆగింది" అన్నాడు. అంతే, ఒక్క మాట. మా అత్త ఆయన కాళ్ల మీద పడిపోయింది.

నా పక్క మంచంలోనే ఖాసింబీ. కాలికి తాడు కట్టి, తాడుకు బరువు వేలాడదీసి, నెలలు కదలకూడదని పడుకోబెట్టారు. బావ వచ్చి ఆమెను చూసిన రోజే మొదలైంది. "షర్బత్‌లో పెట్టినారు. దస్తగిరిగాడే పెట్టినాడు" అన్నాడు. డాక్టరు కాదన్నాడని మా అత్త చెప్పింది. "డాక్టరు ఏ పార్టీనో నీకు తెల్సా?" అన్నాడు. మా ఊళ్లో ఆ మాటకు బదులు ఉండేది కాదు.

నేను నోరు తిప్పి "కాదు" అనాలని చూశాను. ఏదో శబ్దం వచ్చింది. "సూడు, పాప గూడా అవునంటాంది" అన్నాడు బావ, నన్ను పాప అనే పిలుస్తాడు. మా అత్త పాత చీర ఒకటి తెచ్చి రెండు మంచాల మధ్య తాడుకు కట్టింది, ఆమె చూపు నా మీద పడకుండా. చీర అవతల నుంచి ఖాసింబీ గొంతు వినిపించింది, మెల్లగా: "ఆ పొద్దు నా కొడుకు గూడా అదే షర్బత్ తాగినాడు, పెద్దమ్మా." మా అత్త చీర ముడి ఇంకాస్త బిగించింది.

మూడో వారం

కిష్టమ్మ అప్పుడు వచ్చింది. అసలు పేరు కిర్‌స్టెన్. డెన్మార్క్ అనే దేశం నుంచి, పడిపోయిన కాళ్లకూ చేతులకూ కసరత్తు చేయించడానికి రెండేళ్ల పని మీద వచ్చిన మనిషి. ఆసుపత్రి మొత్తం ఆమెను కిష్టమ్మ చేసేసింది, ఆమె కూడా పలికేది. తలుపుకు తల తగిలేంత ఎత్తు, జొన్నచొప్ప రంగు జుట్టు, కాళ్లకు మగవాళ్ల చెప్పులు. తెలుగు వార్డు ఊడ్చే ఆడవాళ్ల దగ్గర నేర్చుకుంది.

"ఏమ్మా, యాడ నొప్పి? ఈడనా, ఆడనా?" అంటూ వంగింది. పక్కనే ఉన్న డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. "ఈమెకు తెలుగు నేర్పమంటే కడప నేర్పారు" అన్నాడు.

రెండో రోజు ఆమె ఒక చిన్న అద్దం నా మొహం ముందు పట్టింది. అద్దంలో ఉన్న మనిషి నేను కాదు. కళ్లు పక్కకు తిప్పుకున్నాను. కిష్టమ్మ అద్దం దించలేదు.

"ఓబులమ్మా, నా భాష నేర్చుకుంటావా? నా భాష మాట్లాడాలంటే మూతి శానా కష్టపడాల. నీ మూతికి కష్టం కావాల. సరిపోతాది" అంది. చెవి పట్టుకుని చూపించింది. చెవికి వాళ్ల మాటలో ఒక అచ్చు ఉంది, మనకు లేదు. మూతిని 'ఊ' అన్నట్టు ముందుకు చాపి, ఆ మూతిని కదిలించకుండా లోపల 'ఏ' అనాలి. ఆ తర్వాత చిన్నగా 'ర'. దాదాపు 'ఊఎర'.

నా మూతి ముందుకు రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. మా అత్త చూసి చూసి, "చెవిని చెవి అంటే సాలదా? పొయ్యి ఊదినట్ల ఏందిది?" అంది. కిష్టమ్మకు ఆ మాట ఎంత నచ్చిందో. "అదే! పొయ్యి ఊదు ఓబులమ్మా, పొయ్యి ఊదు!" అని తనే బుగ్గలు పూరించి ఊదింది. నాలుగో రోజు నా పెదాలు రెండూ సున్నా చుట్టాయి. చెవికి వాళ్ల పేరు నా నోట్లోంచి వచ్చింది. ఆ సాయంత్రం గ్లాసుతో నీళ్లు తాగితే ఒక్క చుక్క కిందపడలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా మా అత్త నా గడ్డం కింద చెయ్యి పట్టుకునే ఉంది. ఆ చెయ్యి పొడిగా ఉండటం చూసి ఇద్దరం ఏడ్చాం.

ఇక మాటలు పరుగెత్తాయి. ఒప్పందం ఏమిటంటే, నేను ఒక తెలుగు పేరు ఇస్తే ఆమె ఒక డేనిష్ పేరు ఇస్తుంది. ఆమె చేతిలో నోటు పుస్తకం, నా చేతికి అప్పటికి ఏమీ పట్టుకునే బలం లేదు, నాకు నోరే పుస్తకం. కన్ను 'ఒయ్యె'. ముక్కు 'నేసె'. చెయ్యి 'హోన్'. కాలు మొత్తం 'బేన్'. పాదం 'ఫోద్', కానీ ఆ చివరి అక్షరం ద కాదు, ల కాదు, నాలుక కరిగిపోయినట్టు ఉంటుంది. మోకాలు 'క్నే', ముందు క గట్టిగా కొట్టాలి. భుజం దాదాపు 'స్కుల్లె'. ఏ భాగం పేరు నేర్పితే ఆ భాగాన్ని పట్టుకుని కదిలించేది. "స్కుల్లె లేపు. పైకి. ఇంగా పైకి. శానా బాగుండాది!" అనేది, నాకు వేలెడు కూడా లేవకపోయినా.

చీర అవతల ఖాసింబీ ఊరికే ఎందుకుంటుంది? నేను నాలుగు రోజులు తన్నుకులాడిన మాట ఆమె ఒక్క పూటలో పలికేసింది. ఉర్దూ, తెలుగు రెండూ తిరిగిన నాలుక. నేను తప్పు పలికితే చీర అవతల నుంచి సరైన మాట వినిపించేది. మా అత్త దగ్గు నటించేది.

ఒక మధ్యాహ్నం కిష్టమ్మ నా కడుపు మీద చెయ్యి పెట్టి, "మేవె" అంది.

చీర అవతల నుంచి కేక వినిపించింది. "మేవానా! కడుపును మేవా అంటారా? మా ఇండ్లల్లో మేవా అంటే బాదం, ద్రాక్ష, ఖర్జూరం. అవి పోయే చోటికి వాటి పేరే పెట్టినారు!" 

కిష్టమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మంచం పట్టీ పట్టుకుని నవ్వింది. నేను నవ్వాను. నా మొహం ఒక పక్కే నవ్వింది, కానీ నవ్వింది. మా అత్త పమిట నోటికడ్డం పెట్టుకుంది, ఆగలేకపోయింది. ఖాసింబీ నవ్వుకు ఆమె కాలికి కట్టిన బరువు తాడు మీద ఊగింది. ఆ సాయంత్రం మా అత్త చీర విప్పేసింది. "ఉతకాల. మాసిపోయుండాది" అంది, ఎవరూ అడగకుండానే. ఉతికిన చీర మళ్లీ కట్టలేదు.

కండరం గట్టిగా నొక్కేటప్పుడు కిష్టమ్మకు తెలియకుండా తన భాషే వచ్చేసేది. "గోర్ దె ఒంట్?" అనేది. నొప్పి పుడుతోందా అని. ఒంట్ అంటే నొప్పి. మా అత్త తెల్లబోయింది. "మనం ఒంట్లో బాగలేదంటాం. వాళ్లూ ఒంట్ అనే అంటారే! ఈ పిల్ల మనోళ్ల పిల్లే" అని తేల్చేసింది, ఆ రోజు నుంచి కిష్టమ్మకు కూడా సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తెచ్చిపెట్టేది. కిష్టమ్మ కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ, "మేవె ఒంట్" అంటూ తినేది.

కాదు అనడానికి వాళ్లు 'నై' అంటారు. ఖాసింబీ ఇదీ మా ఉర్దూ మాటే అంది. మొగుడికి వాళ్ల మాట 'మన్'. "మన్నా? సరిపోయింది. మన్నన్నా ఇల్లు మెత్తేదానికి పనికొస్తాది" అంది మా అత్త, పోయిన మా మామను తలుచుకుంటూ.

రోజూ సాయంత్రం లైట్లు వేసే వేళకు నేను తల నుంచి పాదం దాకా పేర్లు వల్లించాలి, ఖాసింబీ తప్పులు దిద్దాలి. వార్డు మొత్తానికి అది అలవాటైపోయింది.

ఆ ఆదివారం

ఆ ఆదివారం మధ్యాహ్నం ఖాసింబీని కాలికి ఎక్స్‌రే ఫోటో తీయడానికి మంచంతోసహా తోసుకుపోయారు. మా అత్త అన్నానికి వెళ్లింది. నా భర్త, సుంకన్న బావ వచ్చి నా మంచం పక్కన నిలబడ్డారు.

మొహంలో కదలిక లేని మనిషి దగ్గర అందరూ ధైర్యంగా మాట్లాడతారు, గోడ దగ్గర మాట్లాడినట్టు. ఆ జబ్బులో నేను నేర్చుకున్న సంగతుల్లో అదొకటి.

"రేపు పొద్దున మొదటి బస్సుకు ప్రొద్దుటూరు పోతాడు వాడు" అన్నాడు బావ. "దారం, గుడ్డలు తెచ్చుకునేది సోమవారమే. బస్టాండులో దిగంగానే. సంపేది లేదు. ఒక కాలు, ఒక చెయ్యి. మన పాపకు ఏం జేసినాడో అదే."

నా భర్త, "డాక్టరు విషం కాదంటాండాడు గదన్నా" అన్నాడు.

"నీ పెండ్లాం మంచంలో పడుండాది. నువ్వు రాకుంటే జనం ఏమనుకుంటారు?"

నా భర్త తల దించుకున్నాడు. అప్పటికి నాకు మాట బాగానే తేరింది. "బావా, విషం కాదు. వాళ్లేం జెయ్యలేదు" అన్నాను.

"నువ్వు పండుకో మా. నీకేం తెల్దు" అన్నాడు బావ. నా భర్త నా కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయాడు. బావ మాత్రం వెళ్లలేదు. కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. దస్తగిరి ఆదివారం నాలుగింటికి భార్యను చూడటానికి వస్తాడు. సోమవారం ప్రయాణం ఖాయమో కాదో వినిపోదామని బావ ఆలోచన.

నేను అలా పడుకుని ఆలోచించాను. నర్సుకు చెబితే పోలీసులు వస్తారు, ముందు లోపలికి పోయేది నా భర్తే. ఊరుకుంటే నా పేరు మీద ఒక మనిషికి కాలూ చెయ్యీ పోతాయి. కాలూ చెయ్యీ లేకపోవడం అంటే ఏమిటో ఆ వార్డులో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నా చేతులు అప్పుడే దుప్పటి అంచు పట్టుకోవడం నేర్చుకుంటున్నాయి. అవి దస్తగిరి చేతులు గుర్తుచేశాయి. నా పెళ్లి రవిక కుట్టింది ఆ చేతులే.

ఖాసింబీ తిరిగొచ్చింది. మా అత్తా వచ్చింది. నాలుగింటికి దస్తగిరి అరటిపండ్లతో వచ్చి భార్య మంచం పక్కన కూర్చున్నాడు. బావను చూసి బిగుసుకుపోయాడు. బావ మీసం కింద నవ్వుతున్నాడు.

"రేపు ప్రొద్దుటూరు పోవాల. నీకేమన్నా తెచ్చేదుందా?" అని భార్యను అడిగాడు దస్తగిరి.

నేను గొంతు సవరించుకున్నాను. లైట్లు వేసే వేళ ఇంకా కాలేదు. అయినా మొదలుపెట్టాను. "ఒయ్యె. నేసె. స్కుల్లె. మన్."

ఖాసింబీ నవ్వింది. "మన్ యాడుండాది చెల్లీ? అది ఒంట్లోది కాదు గదా."

"మన్" అన్నాను మళ్లీ, దస్తగిరి వైపు చూస్తూ. "మన్. బేన్, ఒంట్. హోన్, ఒంట్."

ఆమె నా మొహం చూసింది. నా మొహంలో అప్పటికి చూడటానికి పెద్దగా ఏమీ లేదు. అందుకని మాటలే మళ్లీ అన్నాను, ఒక్కొక్కటి ఆపి. "మన్, బేన్, ఒంట్." తర్వాత, "ఫోద్, నై. ఫోద్, నై." పోవద్దు అని చెప్పడానికి నా దగ్గరున్న మాటలు అవే.

"ఏం భాష అది?" అన్నాడు బావ.

"ఆ కిష్టమ్మ నేర్పిందిలే. పొద్దుగూకేసరికి ఈ యిద్దరిదీ ఇదే గోల" అంది మా అత్త.

ఖాసింబీ మొహంలో నవ్వు అలాగే నిలిచిపోయింది, కానీ రంగు పోయింది. ఆమె భర్త కాళ్లు చూసింది, కిటికీ దగ్గరున్న సుంకన్నను చూసింది, నన్ను చూసింది. అప్పుడు రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, నా వైపే చూస్తూ, "మేవె ఒంట్" అంది. ఆ వెంటనే వార్డు అదిరిపోయేలా అరిచింది. "అమ్మా! కడుపు! సచ్చిపోతాండా! నువ్వు యాడికీ పోవద్దు, నన్ను ఇడిసిపెట్టి యాడికీ పోవద్దు!"

దస్తగిరి అరటిపండ్లు కింద పడేశాడు. మా అత్త గబగబా లేచి పోయి ఖాసింబీ కడుపు రుద్దడం మొదలుపెట్టింది. ఆ ఇల్లాలిని మా అత్త ముట్టుకోవడం అదే మొదలు. అరుపు విని కిష్టమ్మ పరుగెత్తుకొచ్చింది. కడుపు నొక్కి, "గోర్ దె ఒంట్?" అంది. ఖాసింబీ "యా, యా" అంది, అంటూనే కళ్లతో నన్ను చూపించింది. కిష్టమ్మ నా వైపు తిరిగింది. నేను రెప్ప మూసి తెరిచాను. ఆ రెప్పను మూయడం నేర్పింది ఆమే.

కిష్టమ్మ నిటారుగా నిలబడి, తన కడప తెలుగులో అందరికీ వినపడేలా చెప్పింది. "ఈయమ్మకు శానా నొప్పి. మొగుడు ఈడనే ఉండాల. రెండు దినాలు యాడికీ పోగూడదు."

ఆమెకు ఏం అర్థమైందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బావ కాసేపు చూసి, విసుక్కుంటూ లేచి వెళ్లిపోయాడు.

సోమవారం మొదటి బస్సులో దస్తగిరి లేడు. రెండు రోజుల తర్వాత ఖాసింబీ అన్న పులివెందుల నుంచి వచ్చి అతన్ని తీసుకుపోయాడు. అక్కడే కుట్టు మిషను పెట్టించాడు. నెల తిరక్కుండా మా ఊళ్లో పోలీసు క్యాంపు వేశారు, జీపులు రెండూ కొన్నాళ్లు చల్లబడ్డాయి.

ఆ సోమవారం పొద్దునే ఖాసింబీ అరటిపండు ఒలిచి, మా అత్తకిచ్చి, "చెల్లికి పెట్టు పెద్దమ్మా" అంది. మా అత్త పండు ముక్కలు చేసి నా నోట్లో పెట్టింది.

లేచి నిలబడిన రోజులు

జబ్బు ఎలా పాకిందో అలాగే వెనక్కిపోయింది, పైనుంచి కిందికి. మొహం తేరింది. భుజాలు తేరాయి. ఒక పొద్దున చెంచా పట్టుకున్నాను, మా అత్తకే ఒక ముద్ద పెట్టాను. వీపును వాళ్లు 'రుగ్' అంటారు. ఆ మాట నేర్చుకున్న వారానికి దిండు లేకుండా కూర్చోగలిగాను. దాని తర్వాత మాత్రం మూడు వారాలు ఏమీ కదల్లేదు. ఆ వారాలు మొదటి వారాలకంటే కష్టం. ఇంతవరకేనేమో, ఇక ఇంతేనేమో అనిపించేది. ఇప్పుడు ఈ జబ్బుతో ఉన్నవాళ్లు ఈ వాక్యం దగ్గర ఆగి చదవండి: అది ఆగిపోవడం కాదు. కిందికి దారి దూరం, అంతే.

మోకాలు మొదటిసారి నా మాట విన్న రోజు కిష్టమ్మ నన్ను రెండు చంకల కింద పట్టుకుని నిలబెట్టింది. మోకాళ్లు గడగడా వణికాయి. "క్నే! క్నే! క్నే!" అని ఆమె అరుస్తోంది, ఖాసింబీ అరుస్తోంది, వార్డులో ఏ జబ్బుతో పడుకున్నవాళ్లైనా ఆ మాటే అరుస్తున్నారు. నేను పది లెక్కపెట్టేదాకా నిలబడ్డాను.

ఖాసింబీ కాలికి బరువు విప్పి చంక కర్రలు ఇచ్చారు. నాకు చక్రాల స్టాండు. ఇద్దరికీ వరండాలో పందెం. మా అత్త మధ్యలో నిలబడి తీర్పరి. మొదటిరోజు ఖాసింబీ గెలిచింది. "నీవి రెండు కాళ్లూ కొత్తవి చెల్లీ, నాకు ఒకటన్నా పాతదుండాది" అని ఓదార్చింది. అయిదో రోజు నేను గెలిచాను. మా అత్త తీర్పు చెప్పకముందే చప్పట్లు కొట్టింది, తర్వాత గుర్తొచ్చి, "ఖాసింబీ గూడా బాగా నడిచింది" అంది.

చివరి పరీక్ష కాలివేళ్లకు. వేలు 'టో'. బొటనవేలు 'స్టోర్ టో', ఊళ్లో బియ్యమిచ్చే స్టోరే అనుకోండి. నా ఎడమ స్టోర్ టో ఇప్పటికీ సగమే తెలుస్తుంది. ఆ సగం చాలు. కిష్టమ్మ గడువు ముగిశాక వాళ్ల దేశం వెళ్లిపోయింది. అక్కడ ఎవరికైనా మోకాలు పట్టేస్తే పొరపాటున "యాడ నొప్పి?" అంటుందేమోనని తలుచుకుని నవ్వుకుంటాను. ఖాసింబీ పులివెందులలో ఉంది. ఇద్దరం కలిస్తే మాటల మధ్య డేనిష్ కలుస్తుంది, మా పిల్లలు తిట్టుకుంటున్నామనుకుంటారు.

ఇంటికి

ఇంటికి పొమ్మన్న రోజు నా భర్త వచ్చాడు. ఒక్కడే, నడిచి.

"జీపు యాడ?" అన్నాను.

"దిగేసినా" అన్నాడు. "గొర్రెలు మళ్లా నేనే తోలుకుంటాండా. బస్సుకు పోదాం."

మా అత్త మూటలతో ముందు సీట్లో కూర్చుంది. మేమిద్దరం వెనక. ఊరు దాటాక, శనగ చేల మధ్యకు వచ్చాక, నాకు ఇక దాచుకోవడం చేతకాలేదు. ఎన్ని నెలలు మోశాను ఆ మాటను. "ఏమయ్యా, ఒకటి చెప్తా. కోపం జేసుకుంటే జేసుకో. ఆ సోమవారం దస్తగిరి ప్రొద్దుటూరు రాకుండా చెప్పింది నేనే."

ఆయన కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. చెంప మీద కొడతాడేమో, బస్సు ఆపి దిగిపోతాడేమో అనుకున్నాను.

"ఆ పొద్దు నేను బస్టాండులో టీ అంగడి కాడ నిలబడుండా" అన్నాడు, ఇటు తిరక్కుండానే. "అన్న అవతల పక్కన. పెండ్లాం నొప్పి తగ్గితే వాడు వస్తాడనే అన్న నమ్మకం. బస్సు వచ్చింది. దిగేటోళ్లందర్నీ ఒక్కొక్కర్నే చూస్తాండా. దేవుడా, ఆయప్ప దీంట్లో ఉండగూడదు, ఉండగూడదు అని మొక్కుకున్నా. కడాకు కండక్టరు దిగినాడు. అప్పుడు ఊపిరి వచ్చింది నాకు." అప్పుడు నా వైపు తిరిగాడు. "నా మొక్కు దేవుడు విన్నాడనుకున్నా. నువ్వా?"

"నేనే."

"అన్న ఆడనే కూర్చునుండె గదా. ఎట్ల చెప్పినావు?"

చెప్పాను. మన్, బేన్, ఒంట్. ఆయన నోరు తిప్పి పలికి చూశాడు. గొర్రెలను అదిలించినట్టు వచ్చింది. నేను నవ్వితే ఆయనా నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ముందు సీటులోంచి మా అత్త వెనక్కి తిరిగి, "ఏంది ఆ నవ్వు, బస్సులో?" అంది.

ఆ రోజుల్లో మా వైపు మొగుడూ పెళ్లాం నలుగురిలో ఒకరినొకరు ముట్టుకునేవాళ్లు కాదు. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, అందరూ చూస్తుండగా. నేను గట్టిగా పట్టుకున్నాను. నా వేళ్లలో ఎంత బలం వచ్చిందో ఆయనకు తెలిసేలా పట్టుకున్నాను. పెద్దముడియం వచ్చేదాకా వదల్లేదు.